మిరప కళ్లంలో ఆక్సిజన్ బొమ్మ

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. మా ఇంట్లో ఎలక తిరిగితే, నేను మొదటి మనిషికి చెప్పేసరికి అది పందికొక్కు అవుతుంది. రెండో మనిషి దగ్గరకు వచ్చేసరికి దానికి కొమ్ములు మొలుస్తాయి. మూడో మనిషి దాన్ని చూడ్డానికి టికెట్ ఎంత అని అడుగుతాడు. కాబట్టి ఇది చదివేటప్పుడు మూడొంతులు కోసేసి, మిగిలినదాన్ని కూడా ఓసారి చాటలో చెరిగి పుచ్చుకోండి. నేను నిజంగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్తాను.

నేను ప్రత్తిపాడు వైపు ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దానితో పాటు కాస్త మిరప పండిస్తాను. పండిస్తాను అనడం కూడా కోతే. మొక్కలు నామీద జాలిపడి పండుతున్నాయి.

ఫిబ్రవరి దాటిందంటే మా వైపు నేల రంగు మారిపోతుంది. రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న ప్రతి చెక్కలోనూ కోసిన కాయలు ఎండబోస్తారు. వాటినే కళ్లాలంటాం. విమానంలో పోయేవాళ్లు కిందికి చూసి, గుంటూరు జిల్లా అంటుకుందని పైలట్‌కి చెప్పారట. ఇక ఘాటు సంగతి అడక్కండి. మా కళ్లం దాటేటప్పుడు ఆర్టీసీ బస్సు తుమ్ముతుంది. డ్రైవర్ కాదు, బస్సే. కాకులు రెక్క అడ్డం పెట్టుకుని ఒంటి రెక్కతో ఎగురుతాయి.

ఈ ఘాటు నా పాఠానికి బాగా పనికొస్తుంది. ఎలక్ట్రాన్ ఎక్కడుంటుంది సార్ అని ప్రతి ఏడూ పిల్లలు అడుగుతారు. పాత బొమ్మల్లో అది సూర్యుడి చుట్టూ గ్రహంలాగా పరమాణువు మధ్యలోని కేంద్రకం చుట్టూ బుద్ధిగా తిరుగుతుంటుంది. ఆ బొమ్మ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని తప్పు. ఎలక్ట్రాన్ మన మిరప ఘాటు లాంటిదిరా అంటాను. కళ్లం దగ్గర చిక్కగా ఉంటుంది, రోడ్డెక్కితే పలచబడుతుంది, మన కాలేజీ గేటు దగ్గర ఒక్క తుమ్ముకి సరిపడా ఉంటుంది. ఘాటు ఇదిగో ఇక్కడుంది అని వేలు పెట్టి చూపించలేం. ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో మాత్రం చెప్పగలం. ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న ఆ చోటుకే ఆర్బిటాల్ అని పేరు.

మా ఆవిడ పోయి రెండు పంటలయింది. ఆమె ఎక్కడుందని అడిగితే నేనూ వేలు పెట్టి చూపించలేను. ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న చోట్లు మాత్రం చెప్పగలను. వంటింట్లో పోపులపెట్టె దగ్గర చిక్కగా ఉంటుంది. వసారాలో, నా చెప్పులు అడ్డదిడ్డంగా విడిచే చోట, కొంచెం పలచగా. అన్నిటికంటే చిక్కగా ఉండేది కళ్లంలో, పట్టా అవతలి కొస దగ్గర.

పట్టా అంటే సాయంత్రం మంచు పడకుండా, అకాల వాన వస్తే తడవకుండా కాయల మీద కప్పే నీలం ప్లాస్టిక్ గుడ్డ. మాది విప్పి పరిస్తే చిలకలూరిపేటలో నీడ పడుతుంది. దాన్ని కప్పడానికి ఇద్దరుండాలి. ఒకరు తూర్పు కొస, ఒకరు పడమర కొస పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఒకే ఊపులో ఎగరేసి దించాలి. సేద్యం అంతా ఆమెదే. నేను సెలవురోజు కూలీని. "ఊఁ" అనేది, ఎగరేసేవాణ్ణి. "దించు" అనేది, దించేవాణ్ణి. మా కాపురంలో నేను మారుమాట లేకుండా విన్న మాటలు ఆ రెండే.

ఆమె పోయాక పొలం కౌలుకిచ్చేయమని ఊరంతా చెప్పింది. ఇచ్చేస్తే సాయంత్రం కాలేజీ వదిలాక ఎక్కడికి పోవాలో ఒక్కరూ చెప్పలేదు. అందుకని ఇవ్వలేదు.

ఇప్పుడు పట్టా అవతలి కొస నా స్కూటర్ పట్టుకుంటుంది. హ్యాండిల్‌కి కట్టేసి, ఇవతలి కొస నేను లాక్కుంటూ వస్తాను. స్కూటర్ మంచిదే, ఎదురు మాట్లాడదు. కానీ "ఊఁ" అంటే ఎగరేయదు. గాలిలేని సాయంత్రాలు అలా నెట్టుకొచ్చాను. గాలివాన వస్తే మాత్రం పని జరగదని నాకు తెలుసు. ఏడాది పంట ఆ నేల మీదే ఆరబోసి ఉంది. ఎవరినైనా సాయం పిలవచ్చు కదా అంటారు. పిలవచ్చు. ఎనభై మంది పిల్లల్ని మైకు లేకుండా అదిలించే గొంతు నాది. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం పెగలదు.

మా కళ్లం ఒక పెద్ద బీడు. కొంతమంది రైతులం కలిసి అద్దెకు తీసుకుని చెక్కలుగా పంచుకుంటాం. ఎవరు ఏ చెక్క అని ముందు అనుకోం. మొదట వచ్చినవాడు ఒక మూల పోస్తాడు. రెండోవాడు వాడి పక్కకు రాడు, అవతలి మూలకు పోతాడు. మూడోవాడు ఇద్దరికీ దూరంగా చూసుకుంటాడు. అన్ని చెక్కల్లోనూ ఒక్కొక్కరు పడేదాకా ఎవరూ ఎవరితోనూ కలవరు. చోటు అయిపోయాక వచ్చినవాడే, ఇక తప్పక, ఒకరి చెక్కలో సగం అడుగుతాడు. అప్పుడు కూడా ఒక కట్టుబాటు ఉంది. ముందువాడు తూర్పు నుంచి పోసుకొస్తే, వచ్చినవాడు పడమర నుంచి పోసుకురావాలి. లేకపోతే కాయలు కలిసి కొట్లాట.

పరమాణువులో ఎలక్ట్రాన్లు సర్దుకునేది అచ్చం ఇలాగే. సమానమైన గదులు మూడుంటే ముందు తలో గదిలో ఒక్కొక్కటి చేరతాయి. మూడూ నిండాకే నాలుగోది జత చేరుతుంది. చేరినా తిరిగే తీరు ఎదురు ఉండాలి. బొమ్మలో ఒక బాణం పైకి, ఒక బాణం కిందికి గీస్తాం. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతూ, ఇన్నేళ్లుగా ఆ కళ్లంలో నిలబడుతూ, రెండూ ఒకటేనని నాకు మొన్నటిదాకా తట్టలేదు. తోడుంటే ఇలాంటివి తట్టవు.

పరీక్షల ముందు రివిజన్ జరుగుతుంటే మొదటి బెంచీ అమ్మాయి లేచింది.

"అవి విడివిడిగా ఎందుకుంటాయి సార్?"

"ఒకదాన్నొకటి నెట్టుకుంటాయమ్మా. రెండిటిదీ రుణావేశమే కదా."

"మరి తర్వాత ఎలా కలిసుంటాయి?"

"ఖాళీ లేక. పై అంతస్తు ఎక్కాలంటే శక్తి బోలెడు కావాలి. దానికంటే నెట్టుకుంటూ కలిసుండడమే తేలిక."

"మా అమ్మానాన్నల్లాగా," అంది వెనక బెంచీ. క్లాసంతా నవ్వింది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఖాళీ లేకపోతే తప్ప కలవవా సార్?" అంది.

గంట కొట్టారు. ఆ గంట కొట్టినవాడికి నేను గుడి కట్టిద్దామనుకున్నాను.

ఆ ప్రశ్న నన్ను కళ్లం దాకా వెంబడించింది. శనివారం సాయంత్రం స్కూటర్ సాయంతో పట్టా కప్పి కూర్చున్నాను. స్కూటర్ డిక్కీలో ముగ్గుపిండి డబ్బా ఉంది. మా ఆవిడది. కాయల చుట్టూ హద్దు గీసేది దానితో. ఎదురుగా, కళ్లానికీ రోడ్డుకీ మధ్య, చదునైన నల్లరేగడి నేల. ఇంకేం కావాలి. అంత పెద్ద నల్లబల్ల మా కాలేజీ యాజమాన్యం ఈ జన్మలో కొనదు. మూడు గళ్లు గీశాను, ఒక్కొక్కటి లారీ పట్టేంత. సరే, నులకమంచమంత. మొదటి గడిలో ఒక బాణం పైకి, ఒకటి కిందికి. మిగతా రెండు గళ్లలో ఒక్కో బాణం, రెండూ పైకే. ఆక్సిజన్ పై అంతస్తు అది. ఆ ఒంటరి బాణాల వంక చాలాసేపు చూశాను. చీకటి పడకముందే ఇంటికి పోయాను.

ఆదివారం పొద్దెక్కాక వెళ్లేసరికి కళ్లం దగ్గర తిరునాళ్ల. రంగులరాట్నం ఒక్కటే తక్కువ. బళ్లు, ట్రాక్టర్లు, పక్క ఊళ్లవాళ్లు, టీ డ్రమ్ము కట్టుకొచ్చిన సైకిలాయన. అందరూ నా గళ్ల చుట్టూ నిలబడి ఉన్నారు. గళ్లలో మాత్రం ఎవరూ కాలు పెట్టలేదు.

మా వైపు నేల మీద తెల్లగా గీత, పక్కన బాణం కనపడిందంటే ఒకటే అర్థం. కొత్త రోడ్డొస్తోంది.

స్థలాల బేరాలు చూసే ఒకాయన నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మధ్యలో నిలబడి పాఠం చెబుతున్నాడు. నా క్లాసులో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు.

"తుళ్లూరులో ఇంతే. ముందు ముగ్గు పోశారు. తర్వాత రాళ్లు పాతారు. ఆ తర్వాత మనుషులు కార్లు కొన్నారు."

"మరి ఈ బాణాలేందయ్యా?" అన్నాడు నా పక్క చెక్క పెద్దాయన. ఈయన పొగాకు మానేసి మిరపకి మారిన రైతు. మామూలుగా మాట్లాడితే తాడికొండలో వినపడుతుంది, గట్టిగా మాట్లాడితే రాజధానిలో. రెండు పంటలుగా పక్కపక్కనే ఉన్నాం. మా మధ్య నడిచిన మాటలు "ఎండ బాగుంది మాస్టారూ", "బాగుందండీ". అంతే.

"పైకి బాణం పోయే దారి, కిందికి బాణం వచ్చే దారి," అన్నాడు కళ్లద్దాలాయన. "ఈ గడిలో రెండూ ఉన్నాయిగా, ఇది మెయిన్ రోడ్డు. ఆ రెండూ సర్వీసు రోడ్లు."

"సర్వీసు రోడ్లు రెండూ ఒకవైపే ఉన్నాయే?"

"అవతలివైపు పెద్దోళ్ల పొలాలు ఉండుంటాయి."

పెద్దాయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది. "ఆ రెండిట్లో బాణం పైకే ఉంది. పోయినోళ్లు మళ్లీ రారా?" అంది.

"చుట్టు తిరిగి వస్తారమ్మా. రింగ్ రోడ్డు."

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. ఎందుకంటే ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు. ఇంకెవరో "జరగండి మాస్టారూ" అని నా గోనెసంచి మీద నా పక్కనే కూలబడ్డారు. మీ చెక్క రోడ్డుకి ముఖానికి ముఖం, మీ పంట పండింది పొండి అన్నారు. నా చెక్కలో ఇంకో మనిషి కూర్చుని రెండు పంటలయింది. ఆ టీ తాగినంతసేపు ఆక్సిజన్‌ని రోడ్డుగానే ఉండనిచ్చాను. చిన్న గ్లాసే. నేను దాన్ని పెళ్లి విందంత సేపు తాగాను.

ఇంతలో పెద్దాయన గోనెసంచులు తెమ్మని భార్యకు చెప్పడం వినపడింది. సర్వేవాళ్లు యంత్రాలతో వచ్చి తొక్కేస్తారేమోనని కాయ సంచులకెత్తేస్తాడట.

"ఏం మాస్టారూ, చదువుకున్నారు, మీరు చెప్పండి. ఎత్తేయమంటారా?"

కాయలో ఇంకా పచ్చి ఉంది. అలా సంచిలో కుక్కితే బూజు పట్టి రాశి మొత్తం పోతుంది. గ్లాసు కింద పెట్టాను.

"ఎత్తకండి. అది రోడ్డు కాదండీ. ఆక్సిజన్."

"ఎవరిదా కంపెనీ?" అన్నాడు కళ్లద్దాలాయన.

"కంపెనీ కాదు, గాలి. మనం పీల్చే గాలి. అందులో పరమాణువు. నేనే గీశాను."

"ఎవరి భూమి పోతుంది?"

"ఎవరిదీ పోదు. అది కంటికి కూడా కనపడదు."

జనం చెదిరిపోయిన వేగం ముందు ఎలక్ట్రాన్లు నడిచి పోతున్నట్టే లెక్క. టీ సైకిలాయన నా గ్లాసు కూడా తీసుకుపోయాడు. కళ్లద్దాలాయన పోతూ పోతూ గళ్లలోంచి నడిచిపోయాడు, ఇక భయమేముందని. పెద్దాయన ఒక్కడే మిగిలాడు.

"మా వియ్యంకుడిది అద్దంకి. జన్మలో నా మాటకి ఊఁ కొట్టని మనిషి. పొద్దున్నే ఫోన్ చేసి మా కళ్లం పక్కనే రోడ్డొస్తోందని చెప్పుకున్నా. ఇప్పుడేం చెప్పమంటారు? గాలొస్తోందని చెప్పనా?"

అటు తిరిగి తన చెక్కలోకి పోయాడు.

ఆయన అన్నట్టే మధ్యాహ్నానికి గాలే వచ్చింది. సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. బర్రెలమంద ఆకాశంలోకి తోలినట్టుగా ఉంది. కళ్లం మొత్తం ఒక్కసారిగా కదిలింది. భార్యాభర్తలు, అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, పొద్దున్న తిట్టుకున్నవాళ్లు కూడా, చెక్క చెక్కలో ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడ్డారు. నీలం పట్టాలు వరసగా లేచి వరసగా దిగాయి.

నేను స్కూటర్‌కి కొస కట్టి ఇవతలికి పరిగెత్తాను. మొదటి విసురుకే స్కూటర్ పడిపోయింది. పట్టా లేచి, నన్ను కూడా లేపింది. అంత ఎత్తు నుంచి నాకు కోటప్పకొండ కనపడింది. కిందికి దిగాక చూస్తే సగం రాశి బయటే ఉంది, మొదటి చినుకులు దానిమీదే పడుతున్నాయి. ఎర్రటి కాయ మీద చినుకు పడితే ఆ మచ్చ తర్వాత తెల్లబడుతుంది. తెల్లబడ్డ కాయని తాలు అని పక్కన పారేస్తారు. నా కళ్లముందే పంట తాలైపోతోంది.

అప్పుడు పెద్దాయన తనంతట తానే వచ్చాడు. తన పట్టా మీద భార్యని కూర్చోబెట్టి, నా ముగ్గు గళ్లు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఎగురుతున్న కొసని గాల్లోనే దొరకబుచ్చుకున్నాడు.

"ఊఁ," అన్నాడు.

ఎగరేశాను.

"దించు."

దించాను.

పట్టా అంచుకి పెట్టిన రాళ్లు సరిపోలేదు. గాలి అంచుల్ని లేపుతూనే ఉంది. ఆ కొస మీద ఆయన, ఈ కొస మీద నేను, మిరప రాశికి చెరోవైపు బరువు కోసం కూర్చుండిపోయాం. వాన మామీద కృష్ణా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినట్టు కురిసింది.

"మీ ఆక్సిజన్ తడుస్తోంది మాస్టారూ," అని అరిచాడు అటునుంచి.

"తడవనివ్వండి."

"ఆ బాణాల్లో ఇద్దరు ఒంటిగా ఉన్నారుగా. వాళ్ల సంగతేంది?"

"తోడు కోసం చూస్తుంటారు. అందుకే ఆక్సిజన్ దేన్నీ వదలదు. ఇనుముని పట్టుకుంటే తుప్పు, కట్టెని పట్టుకుంటే మంట."

"ఏదీ దొరక్కపోతే?"

"ఇంకో ఆక్సిజన్ చెయ్యి పట్టుకుంటుంది. గాలిలో ఉన్నదంతా అలా రెండేసి రెండేసే."

"అయితే మా వియ్యంకుడికి అదే చెప్తాలే," అన్నాడు.

వాన తెరిపిచ్చాక ఆయన భార్య పిలిచింది, అక్కడే కాపురం పెడతావా అని. ఆయన లేచిపోయాడు. నేను స్కూటర్ లేపి, దానికి దెబ్బలేమీ తగల్లేదని చూసుకుని, ఇంటికి బయల్దేరాను. గళ్లున్న చోట తెల్లటి నీళ్లు రోడ్డు వైపు పారుతున్నాయి.

పెద్దాయనకి చెప్పని సంగతి ఒకటుంది. ఆక్సిజన్లు రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నాక కూడా, వాటిలో రెండు ఎలక్ట్రాన్లు జత లేకుండానే మిగిలిపోతాయి. బొమ్మ గీస్తే అన్నీ జత కలిసినట్టే ఉంటుంది. అయస్కాంతం దగ్గర పెడితే బయటపడుతుంది. ద్రవంగా మార్చిన ఆక్సిజన్ ఆ అయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడుతుంది. తల తుడుచుకుని, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని, పోపులపెట్టెకి కాస్త దూరంగా కూర్చుని తిన్నాను. చెప్పులు వసారాలో అడ్డదిడ్డంగానే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం ఆ అమ్మాయి మళ్లీ అదే అడిగింది. పుస్తకంలో ఉన్నదే మళ్లీ చెప్పాను. పరీక్షలో అదే రాయాలి కదా.

ఇక చివర్లో చెప్తానన్నది. బస్సు తుమ్మడం నిజం, నేను చెవులారా విన్నాను. కోటప్పకొండ కనపడిన మాట కూడా నిజమే, మా కళ్లంలో నిలబడితే ఎవరికైనా కనపడుతుంది, ఎగరక్కర్లేదు. రింగ్ రోడ్డు మాట అక్షరం పొల్లుపోకుండా ఆయన అన్నదే. నేను కల్పించింది ఒక్కటే. పెద్దాయన తనంతట తానే వచ్చాడని రాశాను చూశారూ, అది.

ఆయన రాలేదు. పొద్దుటి కోపంతో అటు తిరిగి నిలబడ్డాడు. నేనే పిలిచాను. మొదట "ఏవండీ" అన్నాను, గాలికి వినపడలేదు, లేదా విననట్టున్నాడు. అప్పుడు "అన్నాయ్, ఆ కొస పట్టుకుందువు రా" అన్నాను. ఆ మాట బయటికి రావడానికి ఎంత సేపు పట్టిందంటే, ఈలోగా ఎన్ని కాయలు తడిశాయో ఆ తర్వాత తాలు ఏరేటప్పుడు తెలిసింది.

మర్నాడు సాయంత్రం పట్టా కప్పే వేళకి ఆకు కదలడం లేదు. స్కూటర్ చాలు. అయినా పిలిచాను.